బామ్మ మడిచీర, నా కంప్యూటరు రేడియేటరు

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరున్న కుర్రాడు ఏదో సాధిస్తాడని ఊళ్ళోవాళ్ళు నమ్మేవారు. ఏమీ సాధించడని ఇంట్లోవాళ్ళు నమ్మేవారు. తిరువూరులో మా ఇంటికి సంబంధించినంతవరకూ ఈ రెండో నమ్మకానికి పెద్దదిక్కు మా నాన్నగారు. ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. డిగ్రీ అయిన నేను బి.ఎడ్. చేసి తనలాగే మాస్టారునవ్వాలని ఆయన కోరిక. నేనేమో ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిప్పే ప్రకటనల్ని నా గొంతుతో కంప్యూటర్లో రికార్డు చేసి, క్యాసెట్టుకెక్కించి ఇచ్చే వ్యాపారం పెట్టాను. (నా గొంతు బాగుంటుందని అన్నది ఒక్కరే. ఆ ఒక్కరూ నేనే.) మొదటి బేరం పత్తి విత్తనాల కొట్టాయనది. ఆయన క్యాసెట్టు విని, "అంతా బానే ఉంది గానీ బాబూ, వెనక పిండిమర ఆడుతోందేంటి?" అన్నాడు. అది పిండిమర కాదు, నా కంప్యూటరు ఫ్యాను. విత్తే అదను దాటేలోగా శుభ్రమైన క్యాసెట్టు ఇవ్వకపోతే విజయవాడలో చేయించుకుంటానని చెప్పి వెళ్ళాడు. అదంతా విన్న నాన్నగారు, ఈసారి కూడా వెనక్కొస్తే ఆ డబ్బా అమ్మేసి బి.ఎడ్.లో చేరాల్సిందేనని తీర్పు చెప్పేశారు.

ఫ్యాను తీసేస్తే కంప్యూటరు వేడెక్కి ఆగిపోతుంది. నీళ్ళతో చల్లబరచవచ్చని ఓ పత్రికలో చదివాను. లోపల వేడెక్కే చిప్పు మీద రాగి డబ్బీ ఒకటి బిగించి, చేపలతొట్టి పంపుతో అందులోంచి నీళ్ళు తిప్పి, వేడెక్కిన ఆ నీళ్ళని బయట ఒక రేడియేటర్లో చల్లార్చాలి. ఆ రేడియేటరుకి కూడా ఫ్యాను ఉండకూడదు. ఉంటే ఇక ఈ బాధంతా దేనికి? (కరెంటిచ్చే డబ్బాలోని ఫ్యాను మాత్రం తియ్యలేక, తీగలు పొడుగు చేసి దాన్ని గోడ అవతలికి వెలివేశాను.) ఇక రేడియేటరు ఎంపిక పెళ్ళిచూపుల తంతైంది. మెకానిక్కు షెడ్డులో ట్రాక్టరుది చూశాను. రేకులు పేన్ల దువ్వెన పళ్ళలా ఇరుక్కుని ఉన్నాయి, వెనక ఫ్యాను తోస్తే తప్ప గాలి దూరదు. పాత కారుది చూశాను. దానికి వయసుతోపాటు చిల్లులూ వచ్చాయి. చివరికి ఓ మధ్యాహ్నం బస్సు కోసం ఎదురుచూస్తూ ఎదుటి ట్రాన్స్‌ఫార్మరు వంక చూస్తుంటే జ్ఞానోదయమైంది. వీధంతటికీ కరెంటిచ్చే ఆ డబ్బాకే ఫ్యాను లేదు. పక్కల ఎడంఎడంగా గొట్టాలున్నాయంతే, వాటి మధ్య వేడిగాలి దానంతటదే పైకి పోతుంది. బస్సు మానేసి పాత ఇనపసామాన్ల కొట్టుకు పరిగెత్తాను. అలాంటి గొట్టాల చట్రం ఒకటి దొరికింది. నిలబెడితే నా భుజం దాకా వచ్చింది. దాన్ని రిక్షాలో ఊరేగించి తెచ్చి, బట్టల సోడా నీళ్ళతో కడిగి, వసారాలో నా గది కిటికీ బయట నిలబెట్టి, పంపు గొట్టాలు తగిలించి, ఫ్యాను పీకేశాను. కంప్యూటరు నడుస్తోందో లేదో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియనంత నిశ్శబ్దం. నా ఆనందానికి హద్దు లేదు.

ఆ చట్రాన్ని అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నది మా బామ్మ. దాని చుట్టూ తిరిగి, చేత్తో తడిమి, గోరువెచ్చగా ఉందని గమనించి, "ఇన్నాళ్ళకి పనికొచ్చే వస్తువు తెచ్చావురా" అంది. ముసురు పడితే ఆవిడ మడిచీర ఆరేది కాదు. పాపం, ఆ తడిచీర కట్టుకునే వణుకుతూ వంట చేసేది. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి చీర నా రేడియేటరు మీద ఉంది. ఇక అప్పట్నించీ కంప్యూటరు నాది, రేడియేటరు మడిది. గొట్టం కారితే బిగించడానికి కూడా నేను స్నానం చేసి రావాలి. అయితే తడిచీర పడ్డాక కంప్యూటరు ఇంకా చల్లగా నడిచేది. (ఈ రహస్యం ఆ పత్రికవాళ్ళకి తెలిసినట్టు లేదు.)

రికార్డింగు రోజు ముసురు పట్టింది. తలుపేసుకుని, గొంతు సవరించుకుని, రైతు సోదరులందర్నీ నోరారా పిలిచాను. తర్వాత ఒకటికి నాలుగుసార్లు విన్నాను. పిండిమర జాడ లేదు. మన గొంతు మనకి వినిపిస్తుంటే ఇంకేం వినిపిస్తుంది? క్యాసెట్టు కొట్టాయనకి పంపేసి, నాన్నగారి ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మర్నాడు ఆటో మా వీధిలోకే వచ్చింది. "రైతు సోదరులారా, రండి, మా కొట్టుకు తరలి రండి" అని నేను. ఆ వెంటనే, వెనకనించి, గంట కొట్టినట్టు మా బామ్మ. "దగ్గరికి రాకు. ముట్టుకోకు. దూరం, దూరం." గొడుగు దులుపుకుంటూ వసారా ఎక్కిన నాన్నగారిని ఆవిడ అదిలించిన మాటలవి. ఇన్నాళ్ళూ ఆ ఫ్యాను మా ఇంటి గుట్టు కాపాడుతోందని నాకు అప్పుడర్థమైంది. ఆటో అప్పటికే గంపలగూడెం దాకా వెళ్ళొచ్చిందట. కాసేపటికి కొట్టాయన వచ్చాడు. కోపంగా కూడా లేడు, దిగులుగా ఉన్నాడు.

"మాస్టారూ, రమ్మని నేను డబ్బులిచ్చి చెప్పిస్తుంటే, మీ అమ్మగారు రావొద్దంటున్నారండి."

నాన్నగారు నా వంక చూడను కూడా చూడలేదు. ఆ డబ్బాని, ఆ ఇనపచట్రాన్ని రేపే అమ్మేస్తున్నానని కొట్టాయనకే మాట ఇచ్చారు. అప్పుడు వంటింట్లోంచి బామ్మ, బయటికి రాకుండానే అంది.

"అమ్మెయ్యి నాయనా. ముసుర్లో నా చీర నువ్వు నెత్తిన పెట్టుకుని ఆరబెడుదువు గాని."

బళ్ళో పిల్లల్ని బెంచీ ఎక్కించే మా నాన్నగారు గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. అమ్మకం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బామ్మ భోంచేసి కునుకు తీసే వేళ చూసి నేను మళ్ళీ రికార్డు చేశాను, కొట్టాయన తీసుకున్నాడు. ఆ వానాకాలమంతా తెల్లారకముందే బామ్మ నన్ను లేపి కంప్యూటరు పెట్టించేది. నా వృద్ధి కోరి కాదు, చీర ఆరాలి.

బేరాలు పెద్దగా రాలేదు. ఆ తర్వాత నేను బి.ఎడ్. చేశాను, మాస్టారునీ అయ్యాను, అలా తన మాటే గెలిచినా నాన్నగారు ఒక్కమాటా అనకపోవడం ఆయన పెద్దరికం. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోనుకి ఫ్యానూ లేదు, నీళ్ళూ లేవు. బామ్మా లేదు. పాడైపోయిందని కొట్టాయన వెనక్కిచ్చిన ఆ క్యాసెట్టుని ఫోనులోకి ఎక్కించుకున్నాను, ముసురు పట్టినప్పుడు వింటుంటాను. మొదట ఓ కుర్రాడు, జిల్లా మొత్తాన్నీ తానే పిలుస్తున్నట్టు గొంతు పెంచి పిలుస్తాడు. వాడి గొంతు వింటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. తర్వాత బామ్మ ముట్టుకోవద్దంటుంది. నేను ఇప్పటికీ ఫోను మీంచి చెయ్యి తీసేస్తాను.