బ్రింజారీ ఎద్దులు

కురవి దగ్గరి తండాలో పుట్టిన జైసింగ్‌కు చరిత్ర పిచ్చి అంటించింది తల్లి జమ్లీ. తమ వంశంలో హాము అనే పెద్దమనిషి ఎద్దుల మీద తిండిగింజలు వేసుకుని, తెల్లదొరల సైన్యం వెంట దేశాలు తిరిగాడని ఆమె చెప్పేది. ఆ మాట పట్టుకుని అతను హాస్టల్ చదువు, ఎం.ఏ. దాటి, జనగామలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ పీహెచ్‌డీలో చేరాడు. డాక్టరయ్యాక దవాఖాన ఎక్కడ పెడతావని తండా వాళ్లు అడిగేవాళ్లు.

గైడు మాత్రం కరాఖండిగా చెప్పేశాడు.

"మీ అమ్మ చెప్పింది సాక్ష్యం కాదయ్యా. అప్పటోళ్లు అప్పుడే రాసిన కాగితం కావాలె. అండ్ల మీ మనిషి ఒక్కడన్న పేరుతోని కనపడాలె. దీపావళి దాటితే నీ రిజిస్ట్రేషన్ రద్దయితది."

లండన్ పోయే తాహతు ఎక్కడిది? దొరల కాగితాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాయని విని, మానుకోటలో కృపాకర్ నడిపే నెట్ సెంటర్‌లో కూర్చున్నాడు. సకల జనుల సమ్మె నడుస్తోంది, కాలేజీలు బంద్, తీరికకు కొదవ లేదు. కానీ భూపాలపల్లిలో బొగ్గు ఆగింది, ఇక్కడ కరెంటు పోయింది. తెలంగాణ కోసం దీక్షా శిబిరంలో తనూ కూర్చున్నవాడే, ఇక ఎవర్ని తిట్టుకుంటాడు?

కరెంటు ఉన్న కాసేపూ 'లంబాడా' అని కొట్టేవాడు. తెర మీద పొట్టి గౌన్ల అమ్మాయిలు నడుములు తిప్పుతూ ప్రత్యక్షమయ్యేవాళ్లు. బ్రెజిల్‌లో ఆ పేరుతో ఒక డాన్సు ఉందట.

"ఏంది సారూ, గిదేనా నీ రీసెర్చి?" అన్నాడు కృపాకర్.

"జర ఆగే అన్నా. మా పేరు ఎవడో ఎత్తుకపోయిండు."

'బంజారా' అని కొడితే బంజారాహిల్స్‌లో అమ్మకానికున్న ఇళ్లు వచ్చాయి. అక్కడా వీళ్లకు మిగిలింది పేరొక్కటే.

ఒక మధ్యాహ్నం ఏదో పాత పుస్తకంలో ఒక పేజీ అడుగున 'బ్రింజారీ' అన్న మాట కనిపించింది. వంకాయ చుట్టమేమో అనుకున్నాడు ముందు. నోట్లో రెండుసార్లు తిప్పుకున్నాక ఒళ్లు ఝల్లుమంది. అది బంజారీ. మన యాసను సినిమాల్లో వెక్కిరించేవాళ్లున్నారు, ఈ దొరలకు మన పేరే నోరు తిరగలేదు.

ఆ వంకర పేరు కొట్టగానే కాగితాలు కుప్పలుగా పడ్డాయి. ఎద్దులు ఎన్ని వచ్చాయో, ఎన్ని వానకు తడిసి చచ్చాయో, ఎన్ని కుంటివో అన్నీ రాశారు. ఒక దొర తన గుర్రం పేరు కూడా రాసుకున్నాడు. ఎద్దుల్ని తోలినవాళ్లు బ్రింజారీలు, వాళ్ల పెద్ద 'ఒక నాయక్'. కరెంటు వచ్చినప్పుడల్లా, రోజుల తరబడి చదివాడు. ఏ కాగితంలో చూసినా అంతే, ఒక నాయక్. జైసింగ్‌కు ఏడుపొచ్చింది. కృపాకర్ చూడకుండా కళ్లు తుడుచుకుని కంప్యూటర్ కట్టేశాడు.

ఇంటికి రాగానే జమ్లీ తండా భాషలో అడిగింది.

"హాము దొరికిండా బిడ్డా?"

"దొరికిండు యాడీ," అన్నాడు అమ్మతో.

తల్లి మొహం వెలిగిపోయింది. "ఏమని రాసిన్రు?"

"నాయక్ అని."

ఆమె జొన్నరొట్టె విరిచి కంచంలో పెట్టింది.

"తండాకొక నాయక్ ఉంటడు గదా. అండ్ల మనోడు ఏడి?"

జైసింగ్ తల వంచుకుని రొట్టె నమిలాడు. దీపావళి లోపు గైడు అడగబోయేదీ అదే మాట.