రెండు ఫిగర్లు చాలు

ఇప్పటి పిల్లలకు చెప్తే నవ్వుతరు గానీ, మా కాలంల ఇంట్ల ఫోన్ మాట్లాడుడంటే బజార్ల మైకు పట్టుకున్నట్టే. నాకని ఒక ఫోనైతే ఉండె, సిగ్నల్ మాత్రం మట్టెవాడల మా బట్టల దుకాణం వెనక అర్ర కిటికీ కాడనే దొరికేది. కిటికీకి ఇవతల నేను, అవతల గల్లా మీద మా బాపు. పదో తరగతి దాక తెలుగు మీడియంల చదివి, హన్మకొండల ఇంగ్లీషు మీడియం ఇంటర్ల పడ్డోణ్ని (పడుడంటే నిజంగ పడుడే, మొదటి నెలంత దెబ్బలే). అందుకని ఒక్క పాఠం అర్థమైనా ఊరందరికి చెప్పాలనిపించేది. అట్ల నాకు ముందుగాల అర్థమైన పాఠం సిగ్నిఫికెంట్ ఫిగర్స్, మా తెలుగు మీడియం భాషల సార్థక అంకెలు.

నా బెంచీల కూసునే బక్కోడు ల్యాబుల ఒక రేకు ముక్క వైశాల్యం కట్టి, క్యాలికులేటర్ల కనిపించినన్ని అంకెలు రాసుకున్నడు. సాయంత్రం ఫోన్ చేసి ఆ సంగతి చెప్తే నాకు మండింది. "నాలుగు ఫిగర్లు నీకెందుకురా? రెండు చాలు! నాకు రెండే ఉన్నయ్, హాయిగున్న. ఆ చివరి రెండిటిని వదిలెయ్, సార్ చూస్తే ఊకోడు" అని గట్టిగ ఒర్రిన (సిగ్నల్ తగ్గితే గొంతు పెంచుడు మా ఇంటి అలవాటు). ఎదురుంగ చాయ్ హోటల్ కాడ నిలబడే పోరగాండ్లు ఆడపిల్లలను ఫిగర్లంటరని బాపుకు బాగనే తెల్సు. ఫోన్ పెట్టంగనే పిలిచిండు.

"ఎన్నిరా?"

"ఏంది బాపు?"

"ఫిగర్లు."

"రెండే బాపు. బక్కోడే నాలుగు పెట్టుకున్నడు."

"చెప్పనీకి సిగ్గులేదారా?"

"సిగ్గెందుకు? సారే చెప్పిండు. ఎక్కువుంటే మార్కులు కోస్తడట."

బాపు గల్లా పెట్టె ధడేల్మని మూసిండు. "ఆ సారుకు పెండ్లాం పిల్లలు లేరా? రేపట్నుంచి నీ కాలేజి బంద్! దుకాణంల కూసోని చీరెలు మడతపెట్టు." నాకు ఏడుపొక్కటే తక్కువ. నేను చేసిన తప్పేందో తెల్వదు, చదువు మాత్రం పోతాంది. అమ్మ అడ్డం వచ్చి, "జర ఆగుండ్రి, ముందుగాల ఆ సారును అడిగి రాండ్రి" అని బతిమిలాడింది.

తెల్లారి బాపు నన్ను రెక్క పట్టుకొని సక్కగ క్లాసులకే తీస్కపోయిండు. పాయింటు సార్ (ప్రతి మాటకు పాయింటు అంటడని మేం పెట్టుకున్న పేరు) చాక్‌పీసు పట్టుకొని నిలబడ్డడు. "సార్, పోరగాండ్లకు రెండు ఫిగర్లు చాలని చెప్పిండ్రట, నిజమేనా?" అన్నడు బాపు. సార్ మొఖం వెలిగిపోయింది. తన సబ్జెక్టు గురించి అడగవచ్చిన మొదటి తండ్రాయె మరి! "నిజమేనండీ! అదే పాయింటు. క్యాలికులేటర్ చేతికొచ్చినప్పటి నుంచి వీళ్లకు ఆశ ఎక్కువైంది. ఎన్నున్నా చాలవంటారు!" క్లాసు మొత్తం ఘొల్లుమన్నది. బాపు మాత్రం నవ్వలే. "క్యాలికులేటర్ల ఫిగర్లు ఎట్లుంటయి సార్?" అన్నడు.

అప్పుడు సార్ బోర్డు మీద రాసిండు. రేకు పొడవు వెర్నియర్‌తోని కొలిస్తే 4.52 సెంటీమీటర్లు, మూడంకెలు. వెడల్పు మామూలు స్కేలుతోని 2.1, రెండంకెలే. గుణిస్తే 9.492 వచ్చింది. "వెడల్పు మనకు రెండంకెల దాకానే తెలుసు. జవాబులో అంతకంటే ఎక్కువ తెలిసినట్టు రాస్తే అబద్ధమాడినట్టు. 9.5 దగ్గర ఆగాలి. భాగహారానికైనా ఇదే పద్ధతి." బాపు బోర్డు మీది అంకెలను వేలుతోని లెక్కపెట్టుకున్నడు. "అంటే ఇద్దరు సాక్షులుంటే, తక్కువ చూసినోని మాట దాటి పోవద్దంటరు."

"కరెక్టు పాయింటు!"

బాపు నా రెక్క ఇడిసిపెట్టిండు. "కూసోని చదువుకో బిడ్డా. ఫోన్ల మాత్రం అంకెలు అను" అని చెప్పి ఎల్లిపోయిండు.

అట్ల నా చదువు నిలబడ్డది, ఆ చదువే నాకింత బువ్వ పెడుతాంది. ఇప్పుడు యాదికొస్తే నవ్వొస్తది, ఎనకనే జర బాధ కూడ అయితది. ఆ రెండేండ్లల్ల ముందు బెంచీల ఆడపిల్లలల్ల ఒక్కర్ని "పెన్ను ఇస్తవా" అని కూడ అడిగినోణ్ని కాదు నేను. నా బతుకు మొత్తంల నన్ను అంతటి మొనగాడనుకున్నది మా బాపు ఒక్కడే, అది కూడ ఒక్క పూటనే.