పాదాల కబురు అందని మనిషి

షాలేమ్ అన్న మా ఉక్కు ప్లాంటులో రిగ్గర్. ఎత్తయిన చోట్లకు ఎక్కి, బరువులకు తాళ్లు బిగించి లేపించడం అతని పని. నేను క్రేన్ నడుపుతాను. పైన అతను చెయ్యి ఎత్తితే నా క్రేన్ ఆగేది, చెయ్యి దించితే కొక్కెం దిగేది. ఇరవై ఎనిమిదేళ్లుగా జానెడు వెడల్పు ఇనుప దూలాల మీద నడిచిన మనిషి. రుఆబాంధా కాలనీలో మా క్వార్టర్లు కూడా పక్కపక్కనే.

అలాంటివాడు పోయిన ఏడాది జూలైలో ఒక ఆదివారం చర్చిలో, చదునైన గచ్చు మీద, నా పక్కన నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు.

పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. అందరం లేచి కళ్లు మూసుకున్నాం. రెండు వాక్యాలు కూడా అవకముందే ధబ్బుమని చప్పుడైంది. చూస్తే షాలేమ్ అన్న వెనక బల్ల మీద వెల్లకిలా ఉన్నాడు. మోకాళ్లు వంగలేదు, పడకుండా ఆపుకుందామని చేతులు చాచినట్టు కూడా లేదు. నిలబెట్టిన గొట్టం ఒరిగిపోయినట్టు ఒరిగిపోయాడు. తల వెనక చిట్లి కాలరు మీదికి రక్తం కారుతోంది. అతనికి స్పృహ తప్పలేదు. కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూస్తున్నాడు.

"ఎవుడు తోసేడు?" అని అడిగాడు.

వెనక వరసలో ఎవరూ లేరు. ఆ మాట చెప్తే నమ్మలేదు, మెడ తిప్పి తానే చూసుకున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఒకావిడ వచ్చి నీళ్లు ఇచ్చే నెపంతో అతని నోరు వాసన చూసింది. ఆ సంగతి అతని భార్య లూసీ వదిన గమనించింది. చీర కొంగుతో రక్తం అద్ది, అతన్ని లేపమని నాకు సైగ చేసింది. నాకు తెలిసి షాలేమ్ అన్న జన్మలో తాగింది లేదు.

ఇంటికి వెళ్లాక వదిన అసలు సంగతి చెప్పింది. అప్పటికే స్నానాల గదిలో రెండుసార్లు పడ్డాడట. రెండుసార్లూ ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడే. సబ్బు నురగకి కాలు జారిందనుకున్నారు. ఒకరోజు డ్యూటీ దిగి ఇంటికొస్తే ఒక కాలికే చెప్పు ఉందట. రెండోది ఎక్కడ జారిపోయిందో అతనికి తెలియదు. ఆ చెప్పు మా వీధి మొదట్లో దొరికింది. అంటే అక్కణ్ణుంచి గుమ్మం దాకా ఉత్తకాలితో కంకర మీద నడిచి వచ్చాడు, కంకర గుచ్చుకున్నట్టే తెలియలేదు.

"ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు తమ్ముడా. హైట్ పాస్ పోద్దని బయ్యం" అంది.

ఎత్తులో పనిచేసేవాళ్లకు ఏటా వైద్య పరీక్ష చేసి ఇచ్చే అనుమతి ఆ హైట్ పాస్. అది లేకపోతే రిగ్గర్ నేల మీద నిలబడి చూడాల్సిందే. కానీ ఆ ఒట్టును వదిన తానే తెంచేసింది. మర్నాడు పొద్దున్నే అతన్ని తీసుకుని నాతోపాటు పెద్దాసుపత్రికి బయలుదేరింది.

నరాల డాక్టరు పేరు అపర్ణ. ముప్పై అయిదేళ్లుంటాయి, ఇక్కడే, ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. సగం హిందీ, సగం తెలుగు. ముందు మోకాళ్ల కింద చిన్న సుత్తితో కొట్టి చూసింది. తర్వాత రెండు కొమ్ములున్న ఒక ఉక్కు కడ్డీని అరచేతికేసి కొట్టి, దాని పిడిని అతని బొటనవేలి ఎముక మీద ఆనించింది. వణుకు తెలుస్తోందా అని అడిగింది. ఇనుము చల్లగా ఉందన్నాడు. ఆమె అదే కడ్డీని నా మణికట్టు మీద పెట్టింది. తేనెటీగ చర్మంలోకి దూరినట్టు జుమ్మంది. నేను ఉలిక్కిపడ్డాను.

"అంకుల్, ఇప్పుడు ఆంఖే బంద్. కళ్లు మూసుకోండి. మీ బొటనవేలు పైకి వంచానో కిందికి వంచానో చెప్పండి, బస్, అంతే" అంది.

షాలేమ్ అన్న మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె బొటనవేలిని పక్కల నుంచి పట్టుకుని పైకి వంచింది. అతను మాట్లాడలేదు. కిందికి వంచింది. మళ్లీ పైకి. అలా అయిదుసార్లు. లూసీ వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాసేపు ఆగి అతనే అడిగాడు. "మొదలెట్టండమ్మా. ఇంకా ముట్టుకోనేదు కదా."

బదులు రాకపోయేసరికి కళ్లు తెరిచి, తన వేలు ఆమె చేతిలో ఉండడం చూశాడు. నా ముఖం కేసి తిరిగాడు. అయిదుసార్లు వంచారని నేనే చెప్పాను. తన కాలిని ఎవరి కాలినో చూసినట్టు చూశాడు.

అపర్ణ గారు కాగితం మీద గీతలు గీసి చెప్పింది. మనం కదలకుండా నిలబడ్డామనుకుంటాం గానీ ఒళ్లు ఎప్పుడూ ఊగుతూనే ఉంటుందట. ఇటు కాస్త ఒరిగితే అటు కండరం లాగుతుంది, మనకు తెలియకుండానే. ఆ దిద్దుబాటు జరగాలంటే మెదడుకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్లు ఒకటి, చెవి లోపలి భాగం ఒకటి. మూడోది పాదాల నుంచి, కీళ్ల నుంచి వస్తుంది. అది వెన్నుపాము వెనక భాగంలోని నరాల తీగల మీదుగా పైకి వెళ్తుంది. షాలేమ్ అన్నకు ఆ తీగల మీది పూత కరిగిపోతోంది. పాదాల కబురు దారిలోనే ఆగిపోతోంది. ఇన్నాళ్లూ కళ్లే ఆ పని కూడా చేస్తూ వచ్చాయి. కళ్లు మూస్తే చెవి ఒక్కటే మిగులుతుంది, అది ఒంటరిగా ఒంటిని మోయలేదు.

రక్తం తీశారు. బి-పన్నెండు విటమిన్ ఉండాల్సినదాంట్లో పావు వంతు కూడా లేదు. వారానికి నాలుగు రోజులు నీసు తినే మనిషిని, నాకెందుకు తక్కువవుద్దని అతను వాదించాడు. అన్నీ విని డాక్టరమ్మ ఏ మాత్రలు వాడుతున్నారని అడిగింది. పదకొండేళ్లుగా షుగర్ మాత్ర. దాంతోపాటు ఏడెనిమిదేళ్లుగా గ్యాస్ మాత్ర, రోజూ పొద్దున్న, ఎవరినీ అడగకుండా తానే కొనుక్కుని. ఆ రెండూ కలిపి ఏళ్ల తరబడి వాడితే తిన్నదాంట్లోని ఆ విటమిన్ కొందరి ఒంటికి పట్టదని ఆమె చెప్పింది. షుగర్ మాత్ర తన మాట లేకుండా ఆపొద్దంది. గ్యాస్ మాత్ర మాత్రం మాన్పించింది.

లేచి చొక్కా తొడుక్కుంటూ అతను ఆగిపోయాడు.

"ఓ మాట సెప్పాలమ్మా. పోయిన బుధవారం నలభై మీటర్ల మీద దూలమెక్కేను. కింద ఆవిరి వదిలేరు. తెల్లగా కమ్మేసింది. నాకేటీ కనపళ్లేదు. అప్పుడు నా కాళ్లు ఎక్కడున్నాయో నాకు తెలవనేదు. దూలం మీదున్నాయో, గాల్లో ఉన్నాయో. దూలాన్ని వాటేసుకుని కూకుండిపోయేను."

ఆ రోజు క్రేన్‌లో ఉన్నది నేనే. ఆవిరి విడిపోయాక అతను కూర్చుని కనపడితే, గొలుసుల బిగింపు సరిచూస్తున్నాడనుకున్నాను. అతని కాళ్ల కింద మా విభాగం వాళ్లే, యుగంధర్, మనోజ్‌కుమార్ బోల్టులు బిగిస్తున్నారు. అపర్ణ గారు కలం పక్కన పెట్టేసింది. మీరు బతికి ఉండడం కేవలం మీ చేతుల పుణ్యమంది.

మర్నాడు షాలేమ్ అన్న హైట్ పాస్ తానే తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేశాడు. ఎవరూ అడగకముందే. ఆ ఆవిరి సంగతి కూడా దాచలేదు. కింద ఉన్న ఇద్దరి పేర్లు చెప్పి, వాళ్ల ముందే తప్పు ఒప్పుకున్నాడు. మనోజ్ లేచి బయటికి వెళ్లాడు. తర్వాత టీ తెచ్చి ఇచ్చాడు.

మొదటి వారం రోజూ ఇంజెక్షను, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. నడక మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. గది మూలలో, ముందు కుర్చీ అడ్డం పెట్టుకుని, కళ్లు మూసి నిలబడడం సాధన. కూతురు జూడీ ఫోనులో సెకన్లు చూసేది. మొదట్లో రెండు సెకన్లు కూడా నిలవలేకపోయేవాడు. "పాపా, ఫిర్ సే" అని నాన్నను మళ్లీ నిలబెట్టేది. మూడో నెలలో అరికాళ్లు మండడం మొదలైంది. వదిన భయపడిపోయింది గానీ డాక్టరమ్మ అది మంచిదే కావచ్చంది, ఆగిన తీగలు కదులుతున్నాయేమో అంది. ఆరో నెలకు కళ్లు మూసి ఇరవై సెకన్లు నిలబడ్డాడు. బొటనవేలు పరీక్షలో పదింటికి ఏడు సరిగ్గా చెప్పాడు. మిగతా మూడూ రాకపోవచ్చని ఆమె దాచకుండా చెప్పింది. ఆలస్యమైన మేరకు పోయింది పోయినట్టే.

ఇప్పుడతను నేల మీద తాళ్లూ గొలుసులూ పరీక్షించే పనిలో ఉన్నాడు. పైకెక్కే కొత్తవాళ్లకు భద్రతా పాఠం చెప్పే రోజున అతన్ని కూడా పిలుస్తారు. బొటనవేలి సంగతే చెప్తాడు. అది విని మా విభాగంలో పద్దెనిమిది మంది రక్త పరీక్ష చేయించుకున్నారు. అందులో ఒకడికి ఆ విటమిన్ తక్కువని తేలింది. యుగంధర్‌కి. ఆ రోజు ఆ దూలం కింద బోల్టులు బిగించినవాడికే. అతని పాదాల్లో అప్పుడప్పుడే తిమ్మిరి మొదలైందట, చలిగాలికి అనుకుని ఊరుకున్నాడు. నాలుగు నెలలు అతని హైట్ పాస్ ఆపేశారు.

యుగంధర్‌కి చాలా కోపం వచ్చింది. వయసులో ఉన్నవాడు, పైన పనిచేస్తున్నానని గర్వం. ఆ ముసలాయన నోరు మూసుకుని ఉంటే నాకీ గొడవ ఉండేది కాదని అందరి ముందూ అన్నాడు. షాలేమ్ అన్న ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోతున్నాడు. పోయిన నెల ప్లాంటు గేటు దగ్గర నా కళ్ల ముందే అలా వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండి, వెళ్లి అడగనా అన్నాను.

షాలేమ్ అన్న అతని నడకనే చూస్తున్నాడు. అడుగులు తిన్నగా పడుతున్నాయా, చెప్పు ఈడుస్తున్నాడా అని కాబోలు, మలుపు తిరిగేదాకా చూశాడు.

"ఒద్దురా. ఇంజెక్షన్లు మానకుండా ఏయించుకుంటన్నాడో నేదో, అది మాత్రం కనుక్కో" అన్నాడు.