మెత్తబడిన పెడల్

రామన్నపేటలో రఘుపతి పద్దెనిమిదేళ్లుగా ఒకే కారును కిరాయికి నడుపుతూ వచ్చాడు. "కొత్త కార్లు రేకు డబ్బాలు. నాది ఇనుము," అనేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున, నెలలు నిండిన హరితను, ఆమె అత్త కౌసల్యను నల్లగొండ దవాఖానకు తీసుకెళ్తున్నాడు. నార్కట్‌పల్లి దగ్గర వంతెన దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ తొక్కినా కారు ఆగలేదు. ఎదురుగా ఆగి ఉన్న బస్సు దగ్గరవుతోంది.

"గట్టిగ పట్టుకోన్రి! బ్రేకు పడ్తలేదు!" అని అరిచాడు.

"అయ్యో, నా కోడలు!" అంటూ కౌసల్య హరిత కడుపుకు తన రెండు చేతులూ అడ్డం పెట్టింది. వెనక సీటుకు బెల్టులు లేవు.

రఘుపతి గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేకు లాగి, పక్కనున్న ఇసుక కుప్పలోకి కారును తిప్పాడు. కారుకు పెద్దగా సొట్ట పడలేదు. స్టీరింగు తగిలి అతని పక్కటెముకలు రెండు విరిగాయి. హరితకు ఏమీ కాలేదు.

మూడో రోజు ఆమెకు కూతురు పుట్టింది. కౌసల్య ఎత్తుకోమంటే రఘుపతి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"వద్దక్కా. కండ్లు మూస్తే గా బస్సే కనవడ్తాంది," అన్నాడు.

పాత కారును తుక్కుకు ఇచ్చేశాడు. ఇప్పుడు ఎయిర్‌బ్యాగులున్న కొత్త కారు నడుపుతున్నాడు. అయినా దిగుడు వస్తే చాలు, అతని అరచేతులు చెమటతో తడిసిపోతాయి.