ఖాళీగా ఉంచిన పన్నెండు గడులు

నా చిన్నప్పుడు, సింగపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వరసగా ఊడిపోయిన ఏడాది, సెంగ్‌కాంగ్‌లోని మా బ్లాకు నుంచి ఐదు తెలుగు కుటుంబాలు వెళ్ళిపోయాయి. పక్కింటి ఆంటీ క్రిస్మస్ పాట కోసం కూర్చిన పంతొమ్మిది పిల్లల గొంతుల్లో ఏడు తగ్గాయి. ఏడోది నాది.

అది మూడు వందల ఏళ్ళ నాటి స్పానిష్ పాట. పల్లవి వీధిలో జనం గంతులేసే వరుస, చరణాలు ప్రార్థన. కాగితం మీద నిలువు గీతల మధ్య గడులు, గడికి ఆరు తాళం దెబ్బలు. ఆ ఆరునీ ఒకసారి రెండు మూళ్ళుగా, ఇంకోసారి మూడు రెళ్ళుగా విరవాలి. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం కాదు. నేను ఆ లెక్క కోసమే చేరాను.

రిహార్సల్‌కు వచ్చిన ఒక పెద్దాయన, "ఇదేంటమ్మా, చర్చిలో డాన్సా?" అన్నారు.

"అప్పట్లోనూ ఎవరో ఇలాగే అడిగుంటారంకుల్. ముందు మీ కాలు ఆపండి, ఊగుతోంది," అంది ఆంటీ.

వెళ్ళిపోయిన వాళ్ళ వంతు ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. ఎదురు ఫ్లాటు అక్కాచెల్లెళ్ళు వెళ్ళాక వాళ్ళ ఎనిమిది గడులు మూగగా మిగిలాయి. ఆ నిశ్శబ్దం భరించలేక నేను ముందే గొంతెత్తాను. ఆంటీ ఆపింది.

"అవి ఎవరివి?"

"వాళ్ళు లేరుగా ఆంటీ. ఎమ్టీ లా," అన్నాను సింగపూర్ యాసలో.

"ఎమ్టీ కాదు. ఎనిమిది ఆర్లెంత?"

"నలభై ఎనిమిది."

"అన్నీ తొడ మీద కొట్టు. ఒకటి తప్పినా మళ్ళీ మొదటికి."

రెండుసార్లు తప్పాను. మూడోసారి, ఇరవై దాటాక, వాళ్ళు ఎక్కడ ఊపిరి తీసుకునేవారో గుర్తొచ్చింది. నలభై ఎనిమిదీ కొట్టాను.

తర్వాత నాన్న ఉద్యోగమూ పోయింది. పాట ఆదివారం, మా విమానం దానికి ముందు గురువారం. చరణంలో నేనొక్కదాన్నే పాడాల్సినవి పన్నెండు గడులు.

"నాలుగు రోజులు ఆగలేమా నాన్నా?"

ఆయన అన్నం పళ్ళెం వైపే చూస్తూ ఉండిపోయారు. ఇంకోసారి అడగబోయి, బల్ల కింద తొడ మీద కొట్టడం మొదలుపెట్టాను. ముప్ఫై ఆరు దగ్గర ఆయన నోరు తెరిచారు.

"టికెట్ రోజు మార్చమని ఆఫీసులో అడిగానమ్మా. రెండుసార్లు అడిగాను. రెండోసారి నన్ను లోపలికి రానివ్వలేదు."

ఆ మాట అమ్మ కూడా అప్పుడే విన్నది. నేను తొందరపడి ఉంటే ఎప్పటికీ వినేవాళ్ళం కాదు.

సోమవారం, మేం చేరిన విజయవాడకు ఆంటీ ఫోన్ చేసింది. "నీ గడులు ఎవరికీ ఇవ్వలేదు. నీ బదులు అందరం కొట్టాం." మరుసటి ఏడు ఆమె పోయింది.

నాన్నకు మళ్ళీ అలాంటి ఉద్యోగం రాలేదు. మాట మధ్యలో ఆగిపోవడం అలవాటైంది. ఇంట్లో అందరూ ఆ ఖాళీని ఏదో ఒకటి మాట్లాడి నింపుతారు. నేను మాత్రం తొడ మీద వేళ్ళతో లెక్కపెడుతూ ఆగుతాను. కొన్నిసార్లు చెబుతారు. చాలాసార్లు చెప్పరు.

ఆ చరణం నేనింకా పాడలేదు. పన్నెండు గడులు, డెబ్బై రెండు దెబ్బలు బాకీ.