సింగరయ్య పాపసంకీర్తనం

అడవులదీవిలో సింగరయ్య గొంతు తెలియనివాళ్ళు లేరు. ఎదురుగాలి కొడుతున్నా అతని పాట పక్క పడవకు వినిపించేది. తెనాలి భజన పోటీలో ఇత్తడి చిడతలు గెలుచుకొచ్చాడు. అతని పాటకు డోలక్ వాయించేది నాంచారయ్య, భార్య వెంకటసుబ్బులుకు అన్న. బావాబావమరుదులు ఇద్దరూ కూర్చుంటే చేపల కోసం వచ్చిన బేరగాళ్ళు కూడా బేరం మరిచిపోయేవాళ్ళు.

అలాంటివాడు 1963లో పాట మానేశాడు.

ఆ ఏడు నాంచారయ్య ఊళ్ళో అందరికంటే ముందు నైలాన్ వల కొన్నాడు. ఒడ్డున ఆరేసిన ఆ వలను ఎవరో నాలుగుచోట్ల కత్తితో కోసేశారు. కోసింది సింగరయ్యే. కుళ్ళు పుట్టడానికి కొత్త వల చాలు, అంతకంటే పెద్ద కారణం మనుషులకు ఎప్పుడూ అక్కర్లేదు. ఎవరూ అతన్ని అనుమానించలేదు. అదే అతనికి శిక్షయింది. ఆ తర్వాత నాంచారయ్య పక్కన కూర్చుని దేవుడి పేరెత్తబోతే గొంతు పట్టేసేది.

బాపట్ల వెళ్ళి భావనారాయణస్వామికి మొక్కాడు. సూర్యలంక సముద్రంలో మునిగాడు. "మా అన్న ఇంటికి రమ్మంటే చాలు, నీకు కడుపునొప్పి వస్తుంది, ఏంటయ్యా అది?" అని వెంకటసుబ్బులు ఏళ్ళ తరబడి దెప్పుతూనే ఉంది.

ఒకరోజు రేపల్లెలో ఎండుచేపలు అమ్ముతుండగా వాన పట్టుకుంది. గంప నెత్తిన పెట్టుకుని కతోలిక గుడి వసారాలోకి దూరాడు. తలుపులోంచి సిలువ మీది మనిషి కనిపించాడు. దీపం వెలిగిస్తున్న జ్ఞానానందాన్ని, గుడికొచ్చేవాళ్ళకు మతపాఠాలు చెప్పే ఉపదేశిని, అడిగాడు.

"ఆ మేకులు కొట్టినవాళ్ళను ఆయన ఏం చేశాడండి?"

"క్షమించమని తండ్రిని అడిగాడయ్యా."

"వాళ్ళు తప్పు ఒప్పుకోకముందేనా?"

"ముందే."

వాన వెలిసినా సింగరయ్య కదల్లేదు. అప్పటినుంచి రెండేళ్ళు, చేపలున్నా లేకపోయినా ప్రతి ఆదివారం రేపల్లె వెళ్ళాడు. 1970 క్రిస్మస్‌కు జ్ఞానస్నానం పొందాడు. పేతురు అని పేరు పెట్టారు. ఊళ్ళో ఒక్కరూ అలా పిలవలేదు. నీళ్ళతో పాపాలన్నీ పోయాయని చెప్తే నమ్మాడు, సంతోషించాడు. కానీ మర్నాడు ఒడ్డున నాంచారయ్య ఎదురైతే మళ్ళీ తల దించుకున్నాడు.

ఈస్టర్ దగ్గరపడుతుండగా జ్ఞానానందం చెప్పాడు: "శనివారం రా. మొదటిసారి పాపసంకీర్తనం చెయ్యాలి."

సింగరయ్య కళ్ళు మెరిశాయి. సంకీర్తనమా? ఇన్నేళ్ళకు తనకు చేతనైన పని చెప్పారు!

"ఒక్కడినే చెయ్యాలా ఉపదేశిగారూ?"

"ఒక్కడివే. ఫాదర్‌గారు వింటారు."

"ఎంతసేపండి?"

"అది నీ పాపాలను బట్టి ఉంటుంది. మనసారా చెయ్యి, చాలు."

వారం రోజులు పడవలో కూర్చుని పాట కట్టాడు. శనివారం చిడతలు పంచెలో దోపుకుని వెళ్ళాడు. అతని వెనక వరసలో బడిపంతులు ఏసుపాదంగారు నిలబడ్డారు. ఎప్పుడూ ముందు బల్లమీదే కూర్చునే మనిషి, ఊరందరి పాపాలూ తెలిసినాయన. సింగరయ్య ఫాదర్‌గారు అవతల కూర్చున్న జాలీ కిటికీ ముందు మోకరించి, గొంతు సవరించుకుని, చిడతలు ఆడించాడు.

"పాపినయ్యా నేను పడవంత పాపిని
కల్లుముంత చూస్తే కాలు ఆగదయ్యా
ఆలి తిట్టిందంటే నోరు ఆగదయ్యా..."

గుడి కప్పు కింద పావురాలు లేచాయి. ఏసుపాదంగారి చేతిలోని జపమాల కిందపడింది. కిటికీ అవతల ఫాదర్‌గారికి వచ్చింది దగ్గో నవ్వో కాసేపు తెలియలేదు.

"సింగరయ్యా, చిడతలు ఆపు నాయనా! సంకీర్తనం అంటే చెప్పుకోవడం. మెల్లగా, నాకు మాత్రమే వినిపించేట్టు."

"పాడక్కర్లేదాండి? వారం నుంచి కడుతున్నానే!"

"బాగా కట్టావు. ఇంకేమైనా మిగిలిందా?"

సింగరయ్య గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "ఒక చరణం మిగిలిందండి. దానికి రాగం కుదరలేదు." కిటికీకి నోరు ఆనించి వల సంగతి చెప్పాడు. చెప్తూ చెప్తూ ఏడ్చాడు.

ఫాదర్‌గారు అన్నారు: "దేవుడి దగ్గర అది జ్ఞానస్నానంలోనే పోయింది. కానీ వల దేవుడిది కాదుగా, నాంచారయ్యది. నీ ప్రాయశ్చిత్తం ఇదే. ఆ చరణం కట్టి అతని దగ్గర పాడు."

ఊరికి వెళ్ళే బస్సులో కూర్చున్నంతసేపూ సింగరయ్య పెదవులు కదులుతూనే ఉన్నాయి. దిగి నేరుగా నాంచారయ్య ఇంటికి నడిచాడు. నాంచారయ్య వాకిట్లో వల బాగుచేస్తున్నాడు. పలకరింపు కూడా లేకుండా సింగరయ్య మొదలుపెట్టాడు.

"బావ వల చూసి నా కళ్ళు కుట్టెనయ్యా
కత్తి పట్టిన చెయ్యి ఇదేనయ్యా..."

నాంచారయ్య చేతిలో దారం ఆగిపోయింది. మొహం నల్లబడింది. లేచి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. సింగరయ్య ఆపలేదు. ఏడుపు అడ్డం పడుతుంటే రెండో పాదం ఒకచోట కుంటింది, మూడోది ఇంకోచోట జారింది. ఒకసారి విన్నాడు నాంచారయ్య. రెండుసార్లు విన్నాడు. ఇక తట్టుకోలేకపోయాడు.

"ఆపరా సింగా! వల పాడు చేసింది చాలక తాళం కూడా పాడు చేస్తావేంట్రా?"

విసురుగా లోపలికి పోయాడు. కర్రకోసమేమో అని సింగరయ్య వీపు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. నాంచారయ్య డోలక్ పట్టుకుని వచ్చాడు. దానిమీద ఎనిమిదేళ్ళ దుమ్ము.

"మొదటినుంచి ఎత్తుకో," అన్నాడు. "కత్తి దగ్గర కాస్త గట్టిగా పాడు. ఊరంతా వినాలి."

ఊరంతా వింది. వెంకటసుబ్బులు పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, మొగుణ్ణి నాలుగు తిట్టి, అన్నకు మంచినీళ్ళిచ్చింది.

ఈస్టర్ నాడు సింగరయ్య దివ్యసత్ప్రసాదం తీసుకుంటుంటే, నాంచారయ్య గుడి వసారాలో గంప పక్కన కూర్చుని ఎదురుచూశాడు. బావ బయటికి రాగానే అడిగాడు:

"మళ్ళీ పాపాలు ఎప్పుడు పాడతావురా? డోలక్‌కు కొత్త తోలు వేయించాను."