ఆనపబుర్రలో పెట్రోలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. (ఇప్పుడు బోలెడున్నాయి, ఏటేటా పెరుగుతున్నాయి కూడా.) ఇరవై మూడేళ్ళ వయసు, బీఎడ్ పట్టా, మా నాన్న వాడి వాడి వదిలేసిన మోటారుసైకిలు, మడత నలగని రెండు చొక్కాలు. ఇంత సరంజామాతో బొబ్బిలి దగ్గర మా ఊరి నుంచి బయల్దేరి, పెదబయలు దాటాక ఓ కొండవాలు మీదున్న బడికి కాంట్రాక్టు సైన్సు మాస్టరుగా వెళ్ళాను. నేను వెళ్ళేదాకా ఆ ఊరు చీకట్లో ఉందనీ, నేనే వెలుగు పట్టుకెళ్ళాననీ నా గట్టి నమ్మకం. నిజానికి కరెంటు నాకంటే ముందే వచ్చింది. పోతూ వస్తూ ఉండేది, అంతే.

ఆ ఏడాది ఎనిమిదో తరగతికి ఇంధనాల పాఠం వచ్చింది. పుస్తకంలో ఉన్నది చదివి ఊరుకుంటే నేనెందుకు? ఓ చెంబెడు నీళ్ళు బల్ల మీద పెట్టి, బొప్పాయి కాడ అందులో ముంచి, పిల్లలందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా చెంబు ఖాళీ అయ్యేదాకా పీల్చాను. మధ్యలో రెండుసార్లు పొలమారింది. "చూశారా, భూమిలో నూనె కూడా ఇంతే. మనం పీలుస్తూనే ఉన్నాం. ఇలాగే పోతే మీకు పిల్లలు పుట్టే నాటికి చుక్క దొరకదు. ఉన్నప్పుడే పొదుపు చెయ్యాలి" అన్నాను, మూతి తుడుచుకుంటూ. తరగతి నిశ్శబ్దమైపోయింది. నా బోధన ఇంతగా పట్టేసిందా అని ఆ పూటంతా ఒళ్ళు తేలిపోయింది.

పట్టేసింది. అదే వచ్చిన తంటా. పొదుపంటే నా లెక్కలో తక్కువ వాడటం. ఆ ఊళ్ళో పొదుపంటే దాచటం. రాగులైనా సామలైనా వచ్చే పంటకి కావలసిన విత్తనం ముందు తీసి, కుండలో పోసి, మూతికి మట్టి మెత్తి అటక ఎక్కిస్తారు. ఇంట్లో ఎంత ఇబ్బందైనా ఆ కుండ జోలికి పోరు. పిల్లలు ఇళ్ళకెళ్ళి "మేష్టరు సెప్పేరు, పెట్రోలు అయిపోద్దంట, దాసుకోవాలంట" అన్నారు. మేష్టరు సెప్పేక ఇంకేముంది.

ఆ ఊరికి పెట్రోలు బంకు లేదు. కిరాణా కొట్టు ముందు తాడు కట్టి, నీళ్ళ సీసాల్లో పెట్రోలు పోసి వేలాడదీసి అమ్మే ఒకాయన ఉండేవాడు. సీసాల మావ అనేవాళ్ళం. వారం తిరక్కుండా ఆ తాడు మీద సీసాలు మాయం కావడం మొదలెట్టాయి. ఊళ్ళో మోటారుసైకిళ్ళు నాదాంతో కలిపి మూడే. పెట్రోలు కొన్నవాళ్ళు ఊరంతా. ఓ సాయంత్రం మావ నన్ను పిలిచి కూచోబెట్టి టీ ఇచ్చి, "బాబూ, మీ పాటం శానా బాగుందంట. ఇంకోపాలి సెప్పండి" అన్నాడు. పల్లెలో విజ్ఞానశాస్త్రానికి ఇంత ఆదరణ ఉందని నేను మురిసిపోయాను. ఎందుకు బాగుందో అడగాలని తోచలేదు.

ఇంతలో పాడేరు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. సోమవారం పదకొండు గంటల్లోపు ఒరిజినల్ సర్టిఫికెట్లతో హాజరైతే పోస్టు పర్మనెంటు. కాకపోతే జాబితాలో నా తర్వాతవాడికి. మా ఇంట్లో నా జీతం మీద ఎన్ని ఆశలున్నాయో ఇప్పుడు చెప్పుకోవడం అనవసరం గానీ, ఆ కాగితం దిండు కింద పెట్టుకుని పడుకున్నానని మాత్రం చెప్పగలను. సోమవారం పొద్దున్నే తలదువ్వుకుని, పౌడరు రాసుకుని బండి కిక్కు కొట్టాను. మూడు కిక్కులకి ఉలకలేదు. టాంకు మూత తీసి ఊపి చూస్తే లోపల గాలి. లోకానికి పొదుపు నేర్పిన మహానుభావుడు తన టాంకు చూసుకోలేదు.

కొట్టు దగ్గరికి పరిగెత్తాను. ఉత్త తాడు గాలికి ఊగుతోంది. "ఇటుకల పండగ కదా బాబూ, జీపోళ్ళందరూ ఏటకెల్లిపోనారు. పండగయ్యీ దాకా సరుకు రాదు, జీపూ రాదు" అన్నాడు మావ. చైత్రమాసంలో ఆ పండగొస్తే మగవాళ్ళంతా వేటకి పోతారు, ఆడవాళ్ళు దారి మీద వెదురుబొంగు అడ్డంపెట్టి వచ్చేపోయేవాళ్ళ దగ్గర పండగ మామూలు వసూలు చేస్తారు. ఊళ్ళో మిగతా రెండు బళ్ళూ వాళ్ళతోనే పోయాయి. పాడేరు చూస్తే ముప్ఫై కిలోమీటర్ల పైమాట. "మరి సీసాలన్నీ ఏమైపోయాయి మావా?" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "ఇంటింటా ఉన్నాయి. మీరే కదా దాసమన్నారు."

అప్పుడు అర్థమైంది. ప్రపంచంలో ఎప్పుడో అయిపోవలసిన పెట్రోలు మా ఊళ్ళో పదిరోజుల్లో అయిపోయింది, నా పాఠం వల్ల.

మొదటింటికి వెళ్ళి అడిగాను. "ఉంది. ఇయ్యలేం" అంది ఇల్లాలు, ఏ మొహమాటం లేకుండా. రెండో ఇంట్లో ముసలాయన, "మా గుంటడు పెద్దోడై బండి కొంటే ఏటి పొయ్యాల? మీరు తెచ్చిత్తారా?" అన్నాడు. మూడో ఇంట్లో నా మాటలే నాకు అప్పజెప్పారు, చెంబూ బొప్పాయి కాడా సహా. అటక మీద, పొయ్యికి నాలుగడుగుల దూరంలో, వరసగా సీసాలు కనిపించాయి. (ఆ ఊరు అంటుకోకుండా కాపాడిన దేవత ఎవరో గానీ, ఆవిడకి ఇప్పటికీ దణ్ణం పెట్టుకుంటాను.)

తొమ్మిదవుతోంది. నేనుంటున్న ఇంటి గడప మీద కూలబడిపోయాను. ఇంటావిడని నేను అప్పా అని పిలిచేవాణ్ణి. సొంత అక్కలాగే చూసేది, సొంత అక్కలాగే తిట్టేది. సంగతంతా విని, "సదువుకున్నావు గానీ అడగడం తెల్దు నీకు" అంది. "ఇత్తనం దాసుకున్నోడి ఇంటికాడికి ఒక్కడివీ ఎల్లి ఇమ్మంటే ఎవలిత్తారు? పండగలో ఎలాగడుగుతాం? సేట పట్టుకుని ఊరంతా తిరుగుతాం. ఇంటికో గిద్ది ఇత్తనం ఏత్తారు. అందరిదీ ఒక్కకాడ కలుపుతాం. అప్పుడది ఊరిది. అలాగడిగితే ఎవలూ కాదనరు. లే, బేగి."

అలా నేను, సైన్సు మాస్టర్ని, తలకి కొత్త తువ్వాలు చుట్టుకుని, చేటలో తెల్ల డబ్బా పెట్టుకుని, ఇంటింటి ముందూ విత్తనం అడిగినట్టు పెట్రోలు అడిగాను. ముందు అప్ప నడుస్తూ పండగపాట అందుకుంది. ఇందాక కాదన్న ఇల్లాలే బయటికొచ్చి, రాగులు కొలిచే గిద్దెతో కొలిచి పోసింది. ముసలాయన కొసరు కూడా వేశాడు. ఒకావిడ పోసింది కిరసనాయిలని నాకు గట్టి అనుమానం, కానీ చేట పట్టుకున్నవాడు ఏరుకోకూడదు కదా.

చివరిల్లు ఒక అవ్వది. ఆవిడకి బండి లేదు, బండి ఉన్న చుట్టం లేడు. కూతురి కొడుకు ఆరునెలల వాడు చంకలో ఉన్నాడు. వాడు పెద్దయ్యాక నడపబోయే బండి కోసం, తాను పొలానికి అంబలి పట్టుకెళ్ళే ఎండు ఆనపబుర్ర ఖాళీ చేసి, అందులో పెట్రోలు పోయించి దాచింది. దాన్ని తెచ్చి డబ్బాలోకి వంపడం మొదలెట్టింది. "గిద్దెడు చాలవ్వా, గిద్దెడు చాలు" అంటున్నా ఆపలేదు. ఆఖరి చుక్క దులిపి, "నీ ఉద్దోగం నిలబడకపోతే ఈడికి సదువెవలు సెప్తారు? బండి తరవాత" అంది. డబ్బా మూత బిగించి, అవ్వకి దణ్ణం పెట్టి బండి దగ్గరికి పరిగెత్తాను.

బండి నల్లటి పొగ కక్కుతూ, దగ్గుతూ, అంబలి వాసనేస్తూ కదిలింది. పల్లాలన్నీ ఇంజను ఆపేసి దిగాను. దారిలో రెండుచోట్ల వెదురుబొంగులు అడ్డం పడ్డాయి. జేబులో ఉన్నది ఇచ్చి, రెండోచోట జేబు ఖాళీ కాబట్టి వాళ్ళతో చేతులు కలిపి నాలుగడుగులు ఆడి బయటపడ్డాను. పదకొండుకి అయిదు నిమిషాలుందనగా ఆఫీసులో కాలుపెట్టాను. గుమస్తాగారు సర్టిఫికెట్లు చూస్తూ రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఏమండీ, ఇప్పటిదాకా పెట్రోలు బంకులో చేశారా?" అన్నారు. అయితేనేం, సంతకం పెట్టారు.

మర్నాడు మళ్ళీ ఇంటింటికీ తిరిగి, పెట్రోలు పొయ్యి దగ్గర ఉంటే కొంప అంటుకుంటుందని చెప్పాను. మేష్టరు సెప్పేరు కాబట్టి సీసాలన్నీ మావ దగ్గరికి తిరిగెళ్ళిపోయాయి. డబ్బులు వెనక్కివ్వాల్సొచ్చిన మావ నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అవ్వకి ఇద్దామని ఓ లీటరు ఖరీదు పట్టుకెళితే పుచ్చుకోలేదు. పైగా ఖాళీ బుర్ర నా చేతిలో పెట్టి, "దీన్లో ఇంక అంబలి తాగలేం, కంపు. నువ్వే పట్టుకెల్లిపో" అంది. తొమ్మిదేళ్ళు ఆ ఊళ్ళో పనిచేశాను. చివరి మూడేళ్ళు ఆ మనవడు నా బల్ల ముందే కూచుని అక్షరాలు దిద్దాడు.

మొన్న వేసవిలో మా ఇంటి ముందు ఓ స్కూటరు చప్పుడు లేకుండా ఆగింది. పొడుగాటి కుర్రాడు దిగి, కాళ్ళకి దణ్ణం పెట్టి, పెళ్ళి శుభలేఖ ఇచ్చాడు. హుకుంపేటలో మాస్టరుగా చేస్తున్నాడట. అవ్వ పోయి నాలుగేళ్ళయిందట. కాసేపటికి మొహమాటంగా, "సార్, బండికి కాస్త చార్జింగు పెట్టుకోవచ్చా?" అన్నాడు. వాడి బండికి పెట్రోలు అక్కర్లేదు.

నేను లోపలికెళ్ళి బీరువా మీంచి ఆనపబుర్ర దించాను. (మా ఆవిడ దాన్ని పారేస్తానని ఏటా అంటుంది, ఏటా తుడిచి పెడుతుంది.) వాడు మూతి దగ్గర ముక్కు పెట్టి చూసి, "ఇదేనా సార్? నీ పెట్రోలు మేష్టరికి పోసేశాన్రా అని అవ్వ చెప్పేది" అని నవ్వాడు. నాకు మాత్రం కళ్ళు చెమర్చాయి. నూనె అయిపోతుందా లేదా అని ఇప్పుడు పిల్లలడిగితే, నాకు తెలీదు, కలిసి చదువుదాం అంటాను. చెంబెడు నీళ్ళు గుటకలేసి మూతి తుడుచుకున్న ఆ ఇరవై మూడేళ్ళవాడికైతే అన్నీ తెలుసు. వాణ్ణి తలుచుకుని నవ్వుకుంటూ, స్కూటరు తీగ తీసుకెళ్ళి వరండాలో ప్లగ్గులో పెట్టాను.